మా పేరుకే వడ్డీ ఎక్కువ

చెన్నూరులో బండి చెడిపోతే మా దగ్గరికే వస్తారు. ఇంజన్ విప్పేది మేమే. డెంటింగ్ కొట్టేది, పెయింట్ వేసేది, సీట్లకు రెగ్జిన్ కుట్టేది, నడిరాత్రి లేచి టైరుకు పంక్చర్ వేసేది మేమే. పెండ్లి బండి నడిపేదీ, మేడారం జాతరకు జనాన్ని మోసేదీ మాలోనే ఎక్కువమంది. ‘సాయిబు చెయ్యి పడితే బండి నడుస్తది’ అంటారు. సంతోషమే. ఆ సాయిబు తానే బండి కొనుక్కుంటానని మంచిర్యాల పోతే ఏమైతదో చెప్పాలని ఈ నాలుగు మాటలు.

షోరూములో ధర అందరికీ ఒక్కటే. అచ్చువేసిన కాగితం చేతికిస్తారు, చాయ్ ఇస్తారు, అన్నా అంటారు. మర్యాదలో లోటేం లేదు. ఫైనాన్స్ బల్ల దగ్గర కథ మారుతుంది. ఫారం మీద పేరు రాసుకుంటాడు. మసీదు వెనక గల్లీ అని అడ్రసు రాసుకుంటాడు. తలెత్తి ఒకసారి చూస్తాడు. ‘నౌకరి ఉన్నదా? సింగరేణిల ఎవరన్న షూరిటీ పెడ్తరా?’ లేదంటే వారం తర్వాత రమ్మంటాడు. వారం తర్వాత పోతే ‘మీ ఏరియా నెగెటివ్ల ఉన్నది భాయ్’ అని నవ్వుకుంట చెప్తాడు. మేం పుట్టి పెరిగిన మొహల్లా, మా తాతల గోరీలున్న నేల, ఆయన కంప్యూటర్లో నెగెటివ్.

ఇది మేం కోపంతో కల్పించిన మాట అనుకునేవాళ్లు 2006 నవంబరులో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ ఇచ్చిన రిపోర్టు తిరగెయ్యండి. కొన్ని బ్యాంకులు ముస్లింలు ఎక్కువగా ఉండే ప్రాంతాలను నెగెటివ్ జోన్లుగా గుర్తు పెట్టుకున్నాయనీ, అక్కడ అప్పు సులువుగా పుట్టడం లేదనీ అందులోనే ఉంది. మాకిచ్చిన అప్పు కూడా, ఖాతాకు సగటున, మిగతా మైనారిటీల కిచ్చిన దాంట్లో సగం. మెజారిటీవాళ్ల కిచ్చిన దాంట్లో మూడో వంతు.

బ్యాంకు తలుపు మూస్తే బండి ఆశ చావదు కదా. ప్రైవేటు ఫైనాన్స్ దగ్గరికి పోతాం. ఇక్కడ లెక్క చెప్పాలె, ఎందుకంటే దోపిడీ అంతా లెక్కలోనే దాచిపెట్టి ఉంది. బ్యాంకులో లక్ష రూపాయలు, మూడేండ్లు, 11 శాతం తగ్గే బాకీ మీద వడ్డీ అనుకోండి. నెలకు 3,274 రూపాయల కిస్తీ. మొత్తం వడ్డీ 18 వేలకు కాస్త తక్కువ. ఫైనాన్సోడు 18 శాతమే అంటాడు, కాని ఫ్లాట్ అంటాడు. ఆ మాటకు అర్థం ఆయన చెప్పడు, సంతకం పెట్టే తొందరలో మనం అడగం. తీర్చిన అసలు మీద కూడా చివరి నెలదాకా వడ్డీ నడుస్తూనే ఉంటుంది. నెలకు 4,278 కిస్తీ, మొత్తం వడ్డీ 54 వేలు. బ్యాంకు లెక్కకు మారిస్తే అది 30 శాతం పైమాటే. లక్షకు 36 వేలు ఎక్కువ. నాలుగు లక్షల బండికి లక్షా 44 వేలు. బండి అదే, రోడ్డు అదే, డీజిల్ ధర అదే. ఈ లక్షా 44 వేలు దేనికి కట్టినట్టు?

ఇక్కడ మా అభ్యుదయ మిత్రులు అడ్డం పడతారు. ఇది మతం సంగతి కాదు, వర్గం సంగతి, పే స్లిప్పు లేకుంటే ఎవనికీ అప్పు పుట్టదు అంటారు. సరే. మరి మా మొహల్లాలో పే స్లిప్పు ఎందుకు లేదు? 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత నిజాం సర్కారు కొలువుల్లోంచి ఊడిన వాళ్లెందరు, రిక్షా పట్టినవాళ్లెందరు? ఆ మనుమలనే ఈనాడు స్థిరమైన ఆదాయం చూపించమంటున్నారు. పేదరికానికి మతం లేదనడం సులువు. ఆ పేదరికం ఎట్లా పంచబడిందో చూడటమే కష్టం.

పోనీ వర్గాన్ని పక్కన పెట్టి పేరు ఒక్కటే మార్చి చూద్దాం. అమెరికాలో చూశారు. ఇయాన్ ఏర్స్, పీటర్ సీగల్‌మన్ అనే ఇద్దరు చికాగో చుట్టుపక్కల కార్ల డీలర్ల దగ్గరికి తెల్లవాళ్లనూ నల్లవాళ్లనూ పంపించారు. ఒకే రకం బట్టలు, ఒకే రకం మాటలు, ఒకే తీరు బేరం. 1995లో అచ్చైన ఆ పరిశోధనలో నల్ల మగవాళ్లకు చెప్పిన ధర తెల్ల మగవాళ్లకు చెప్పినదానికంటే వెయ్యి డాలర్లకు పైగా ఎక్కువ తేలింది. జేబులో ఎంతున్నదో డీలరుకు తెల్వదు. తోలు రంగు తెలుసు. మన దేశంలో కార్ల మీద కాకున్నా కొలువుల మీద ఇట్లాంటిదే చేశారు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టివెల్ 2007లో అచ్చువేశారు. ఒకే చదువు, వేరు వేరు పేర్లతో ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపితే, అగ్రకుల హిందూ పేర్లకంటే ముస్లిం పేర్లకు పిలుపులు బాగా తక్కువ. వర్గం ఎటు పోయింది మిత్రమా?

అమెరికా ముచ్చట ఇంకొకటి ఉంది. 2013లో అల్లీ అనే కారు అప్పుల కంపెనీ నల్లవాళ్లు, హిస్పానిక్‌లు, ఆసియావాళ్లు రెండు లక్షల 35 వేల మంది దగ్గర ఎక్కువ వడ్డీ వసూలు చేసిందని అక్కడి సర్కారు 9 కోట్ల 80 లక్షల డాలర్లు కక్కించింది. అప్పు కాగితాల్లో వర్ణం రాసి ఉండదు కదా, ఎట్లా పట్టారు? ఇంటిపేరూ అడ్రసూ చూసి లెక్కగట్టారు. అక్కడ సర్కారు పేరూ అడ్రసూ చూసి వివక్షను పట్టుకుంది. ఇక్కడ పేరూ అడ్రసూ చూసే వివక్ష చేస్తున్నారు, పట్టుకునే దిక్కు లేదు. అమెరికాను మోస్తున్నామనుకోవద్దు. అక్కడా 2018లో ఆ పట్టు సడలించారు. కాని 1974 నుంచి వాళ్లకు అప్పుల్లో సమానత్వానికి ఒక చట్టమన్నా ఉంది. మనకు సచార్ సమాన అవకాశాల కమిషన్ పెట్టమన్నాడు, 2008లో మాధవ మీనన్ నిపుణుల బృందం దాని రూపం కూడా రాసిచ్చింది. బీరువాలో ఉంది.

‘మీకు సూద్ హరాం కదా, మళ్లీ బ్యాంకుకెందుకు?’ అని వెటకారం చేసేవాళ్లున్నారు. ఖురాను మీద అంత గౌరవమున్నవాళ్లు వడ్డీ తగ్గించాలె గాని మాకు మాత్రమే పెంచుడేంది? ఇక మాలో పెద్ద ఖాందాన్‌లమని చెప్పుకునేవాళ్ల సంగతి. జుమ్మా నమాజులో భుజం భుజం కలిపి నిలబడి, సాయంత్రం దూదేకులోనికీ ఫకీరు పిల్లగానికీ చేబదులు నూటికి ఐదు లెక్కన ఇచ్చే మహానుభావులు మా బస్తీల్లోనూ ఉన్నారు. పక్కా ఇల్లూ భూమీ ఉన్న సయ్యద్‌కు దొరికిన అప్పు లద్దాఫ్‌కు దొరకదు. ఇది దాచేది లేదు.

రెండు కిస్తీలు తప్పితే సీజర్లు వస్తారు. మోటార్ సైకిళ్ల మీద నలుగురు, రోడ్డు మీద తాళం గుంజుకుంటారు, లోపల ఉన్న ప్యాసింజర్లను దింపేస్తారు. గూండాలను పెట్టి బండ్లు గుంజుకోవద్దని 2007లోనే సుప్రీంకోర్టు ఒక బ్యాంకు కేసులో గట్టిగ చెప్పింది. చెన్నూరు రోడ్డు మీద ఆ తీర్పు చదివి వినిపించే ధైర్యం ఎవనికి? పోలీసు స్టేషన్‌కు పోతే ముందు మా పేరడుగుతారు.

కిస్తీ ఎందుకు తప్పుతుందో కూడా చూడండి. 2022 ఏప్రిల్‌లో బెంగళూరులో ఒక హిందూత్వ సంస్థ, గుళ్లకు పోయేటప్పుడు ముస్లిం డ్రైవర్ల బండ్లెక్కొద్దని ప్రచారం చేసింది. వేములవాడ రాజన్నకు కోడె కట్టి, అదే ఆవరణలో దర్గాకు మొక్కి వచ్చిన జనం మన జనం. ఆ జనాన్ని తరతరాలుగా మోసుకపోయినవాళ్లం మేం. గిరాకీని మతం చూసి ఆపొచ్చు. కిస్తీ తారీఖు మాత్రం ఎవరికోసమూ ఆగదు.

సబ్సిడీలు లేవా అంటారు. మైనారిటీ కార్పొరేషన్ వాటా సర్కారుది, మిగతాది బ్యాంకుది అన్న స్కీముల్లో బ్యాంకు ఒప్పుకుంటేనే సర్కారు వాటా కదులుతుంది. అంటే మళ్లీ ఆ బల్ల దగ్గరికే.

మేం దయ అడగడం లేదు. రిజర్వు బ్యాంకు 2003లోనే రాసింది, అప్పులిచ్చేటప్పుడు మతం, కులం, ఆడా మగా తేడా చూపొద్దని. అప్పు కాదంటే కారణం కాగితం మీద రాసివ్వాలని కూడా ఉంది. మొదట చిన్న అప్పులకు, 2007 నుంచి అన్ని అప్పులకూ. కాబట్టి షోరూముల్లో, బ్యాంకుల్లో, ఫైనాన్స్ ఆఫీసుల్లో మా పిల్లలు ఇకమీద ఒక్కటే అడగాలె. నెగెటివ్ ఏరియా అని నోటితో కాదు, స్టాంపు వేసి, సంతకం పెట్టి రాసియ్యుండ్రి అని. సెక్యులర్ మిత్రులు సభల్లో మా పక్కన కూర్చున్నట్టే ఆ బల్ల దగ్గర కూడా మా పక్కన నిలబడాలె, అదే జీతంతో, అదే బండికి, తమ పేరు మీద ఒక ఫారం నింపాలె. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఇప్పటిదాకా అట్లాంటి కాగితం ఒక్కటి కూడా చెన్నూరులో మా చేతికి రాలేదు.