మందు చెంతనే ఉంది, పరీక్షే మిగిలింది

ఊరిగాం, ఛాంపియన్ రీఫ్ తదితర కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతబడిన సంగతి విదితమే. అదే సంవత్సరం దేశంలో మరొక మార్పు నిశ్శబ్దంగా జరిగింది. దాతలిచ్చే రక్తానికి హెపటైటిస్ సి పరీక్ష తప్పనిసరి అయింది. ఈ రెండింటికీ సంబంధం లేదు. అయినా గనులు నడిచిన రోజుల్లో గాయాలకో, ఆపరేషన్‌కో, కాన్పుకో రక్తం ఎక్కించుకున్న వారికి నాడు ఆ నిర్బంధ రక్షణ లేదన్నది ఆలోచించవలసిన విషయం.

ఈ వైరస్ సోకినవారిలో అత్యధికులకు తొలినాళ్ళలో ఏ లక్షణమూ కనిపించదు. కామెర్లు వస్తేనే కాలేయ వ్యాధి అనుకొని పసరు మందుకు పరుగెత్తే మన పల్లెల్లో, కామెర్లు లేని ఈ జబ్బు కనుగప్పి పెరుగుతుంది. వ్యాధి దీర్ఘకాలికంగా మారినవారిలో ఇరవై ఏళ్ళలోపు నూటికి 15 నుంచి 30 మందికి కాలేయం గట్టిపడే ప్రమాదముంది. కొందరిలో అది క్యాన్సర్‌కు దారితీస్తుంది. నాడు సోకినవారికి ఆ గడువు ఇప్పటికే దాటిపోయింది.

రక్తమార్పిడి వల్ల వచ్చే హెపటైటిస్‌లో అధికభాగం ఎ, బి రకాలు కావని 1970వ దశకంలో హార్వే ఆల్టర్ బృందం గుర్తించింది. 1989లో మైఖేల్ హౌటన్ బృందం వైరస్‌ను పట్టుకుంది. ఈ వైరస్ ఒక్కటే వ్యాధికి కారణం కాగలదని 1997లో చార్లెస్ రైస్ నిరూపించారు. ఈ ముగ్గురికీ 2020లో నోబెల్ బహుమతి లభించింది. రక్తపరీక్షలకు, మందులకు ఈ పరిశోధనే పునాది.

2013లో అమెరికాలో సొఫోస్బువిర్ మాత్రల 12 వారాల చికిత్స ధర 84 వేల డాలర్లు. 2014లో హెటిరో, 2015లో నాట్కో అనే హైదరాబాదు సంస్థలు అనుమతి పొంది ఆ మందును చౌకగా తయారుచేయసాగాయి. మాత్రలు సక్రమంగా వాడితే నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. టీకా మాత్రం నేటికీ లేదు.

2018 జూలై 28న కేంద్రం ప్రారంభించిన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్ష, చికిత్స ఉచితం. ఇది దేశవ్యాప్త పథకం గనుక కోలారు వారికీ, సరిహద్దుకు అవతలి కుప్పం, వి.కోట వారికీ సమానంగా వర్తిస్తుంది. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో భారతదేశంలో 55 లక్షల మంది ఈ వ్యాధితో జీవిస్తున్నారు. మందు దొరికినా రోగి దొరకకపోవడమే నేటి అసలు సమస్య.

2001కి ముందు రక్తం ఎక్కించుకున్నవారు, ఒకరికి వాడిన సూదితో ఇంజక్షన్ పొందినవారు, డయాలసిస్ రోగులు ప్రభుత్వాసుపత్రిలో ఒకసారి పరీక్ష చేయించుకోవడం శ్రేయస్కరం. మొదటి పరీక్షలో తేలినంత మాత్రాన వ్యాధి ఉన్నట్లు కాదు. రెండవ పరీక్షే నిర్ధారిస్తుంది. కలిసి భోంచేసినా, తాకినా ఇది అంటదు గనుక రోగిని వెలివేయడం అవివేకం. గనులు తిరిగి తెరుచుకుంటాయో లేదో కాలమే చెప్పాలి. నాటి కార్మికుల కాలేయాన్ని కాపాడుకోవడం మాత్రం నేడు సాధ్యమే.