ఒంటి చేతి సినిమా

ఒంటి చేత్తో చప్పట్లు మోగవని పెద్దల మాట. మిగతా వ్యవహారాల సంగతి ఎలా ఉన్నా, సినిమా విషయంలో మాత్రం ఈ మాటకు తిరుగులేదని అందరమూ నమ్ముతాం. ఆట మొదట్లో తెరమీద పేర్లు వరసగా పడుతూంటే, ఇంతమంది చేతులు కలిస్తేగాని మన రెండున్నర గంటల కాలక్షేపం తయారు కాలేదా అని ఆశ్చర్యం వేస్తుంది. అందులోనూ రాబోయే యుగాల కథ అయితే ఇక చెప్పనక్కర లేదు. 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏ.డి.’కి వందల కోట్లు ఖర్చయినట్లు ఊరూరా చెప్పుకున్నారు. భవిష్యత్తును చూపించాలంటే వర్తమానంలో అంత డబ్బు కావాలి కాబోలు!

అలాంటిది, సినిమా చదువు ఒక్కనాడూ చదవని మనిషి ఒకడు బొమ్మలు తానే చేసుకుని, వాటి ఇళ్ళూ వీధులూ తానే కట్టుకుని, దాదాపు ఏడేళ్ళు శ్రమపడి, వేల యేళ్ళ తరువాతి లోకాన్ని చూపించే పూర్తి నిడివి చిత్రం తీశాడంటే నమ్మశక్యమా? తీశాడు. అతని పేరు తకహిదే హోరీ. జపాను దేశస్థుడు. చిత్రం పేరు ‘జంక్ హెడ్’. మన మాటలో చెప్పాలంటే ‘పాత ఇనుప తల’ అనుకోవచ్చు.

హోరీ 1971లో పుట్టాడు. భవనాల లోపలి అలంకరణలు చేయడం అతని వృత్తి. 2009 చివరలో, అనగా ముప్పై ఎనిమిదో యేట, సినిమా పని మొదలుపెట్టాడు. నలభై దగ్గర పడుతున్న మనిషి బొమ్మలు ముందేసుకుని కూర్చున్నాడంటే మన నల్లగొండలో అయితే, “బొమ్మలతోని బువ్వ దొరుకుతదా బిడ్డా?” అని తప్పక అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు తరువాత చూద్దాం. ముందు ఆ పని ఎలాంటిదో తెలుసుకోవాలి.

ఇది గీసిన బొమ్మల చిత్రం కాదు. చేసిన బొమ్మల చిత్రం. కీళ్ళు కదిలే చిన్న బొమ్మను దాని గదిలో నిలబెట్టి ఒక ఫొటో తీస్తారు. చెయ్యి వెంట్రుక వాసి జరిపి మరొక ఫొటో. కాస్త తల తిప్పి ఇంకొకటి. ఇలా తీసిన ఇరవైనాలుగు ఫొటోలు తెరమీద గబగబా నడిస్తే ఒక్క సెకను ఆట. మనం కనురెప్ప వేసి తీసేలోగా అది అయిపోతుంది. హోరీ చిత్రం జపాను హాళ్ళలో ఆడినప్పటి నిడివి దాదాపు వంద నిమిషాలు. అంటే దరిదాపు లక్షా నలభై వేల ఫొటోలు! రోజుకు అయిదు సెకన్ల ఆట తీయగలిగినా, పండుగా పబ్బమూ లేకుండా దాదాపు 1,200 రోజులు పడుతుంది. అది కూడా బొమ్మలూ గోడలూ అన్నీ సిద్ధంగా ఉన్న తరువాతి లెక్క. మధ్యలో పొరపాటున మోచెయ్యి తగిలి బొమ్మ పడిపోయిందా, ఆ దృశ్యానికి మళ్ళీ మొదటినుంచీ శ్రీరామచుట్టే.

కథ అతనిదే. దర్శకత్వం అతనిదే. ఛాయాగ్రహణం, సంగీతం అతనివే. పాత్రలలో చాలావాటికి గొంతు కూడా తనే ఇచ్చాడు. మరి భాష? ఆ పాతాళవాసులు మాట్లాడేది ఏ దేశభాషా కాదు. ఉత్త కల్పిత శబ్దాలు. అర్థం తెర అడుగున అక్షరాలలో పడుతుంది. ఆ విధంగా జపాను వాడికీ, పాలమూరు వాడికీ ఆ చిత్రం సమానంగా పరభాషే!

కథంతా చెప్పి రుచి పోగొట్టను. ఎత్తుగడ మాత్రం చెబుతాను. మనుషులు తమ జీవకణాలను మార్చుకుని దీర్ఘాయువు సంపాదించారు. కాని సంతాన యోగం పోయింది. అంతకు పూర్వం భూమి అడుగున చాకిరీ చేయడానికి వాళ్ళే కొన్ని కృత్రిమ జీవులను సృష్టించారు. వాటి పేరు మారిగన్‌లు. అవి తిరగబడి, అధోలోకాన్ని ఆక్రమించుకుని, తమ బతుకు తాము బతుకుతున్నవి. 1,600 యేళ్ళు గడిచాయి. పైలోకంలో ఒక మహమ్మారి వచ్చి నూటికి ముప్పై మందిని పొట్టన పెట్టుకుంది. పోయినవాళ్ళ స్థానంలో పుట్టేవాళ్ళు లేరు. ఈ గండం గడిచే ఉపాయం కింది జీవుల దగ్గర దొరుకుతుందేమో చూసి రమ్మని ఒకణ్ణి పంపుతారు. వీరుడా, శాస్త్రవేత్తా? కాదు, డాన్సు మాస్టరు! దిగే దారిలోనే దెబ్బ తిని అతనికి తల ఒక్కటే మిగులుతుంది. కింది వాళ్ళు ఆ తలకు యంత్రపు ఒళ్ళు తగిలించి, తమను సృష్టించిన జాతివాడు గనుక దేవుడని దణ్ణం పెడతారు. మరికొంత దూరం పోయేసరికి అదే దేవుడికి ఇంకెవరో మోటు ఒళ్ళు బిగించి చిల్లర పనులకు తిప్పుతారు. నవ్వు వస్తుంది, వెనువెంటనే గుండె కలుక్కుమంటుంది. రక్తపాతమూ, వికృత జంతువులూ కూడా ఉన్నవి కాబట్టి, బొమ్మల చిత్రమే కదా అని పసిపిల్లలను కూర్చోబెట్టకండి.

ఈ కథ మనకు ఎక్కడో విన్నట్లే ఉంటుంది. హోరీకి మహబూబునగరం సంగతి తెలిసి ఉంటుందని కాదు. కాని ‘పాలమూరు లేబర్’ అన్న మాట ఒకప్పుడు దేశమంతటా వినిపించేది. ఎక్కడ ఆనకట్ట కడుతున్నా, కాలువ తవ్వుతున్నా పార పట్టుకుని దిగినవారు పాలమూరు జనం. వాళ్ళు తవ్విన కాలువలు ఎవరెవరి పొలాలనో తడిపినవి. వాళ్ళ సొంత ఊళ్ళలో మాత్రం ఆకాశం వంక చూడవలసిందే. తవ్వేవాళ్ళు ఒకరు, తాగేవాళ్ళు ఒకరు. ఆ తవ్వినవాళ్ళ గడపలోకే పైవాళ్ళు ప్రాణభిక్షకు రావలసి వస్తే ఎలా ఉంటుందన్నదే హోరీ కథ. కల్పన ఎంత దూరపు కాలానిదైనా, దాని వేరు ఈ నేలలో ఉన్నప్పుడే మనకు పడుతుంది.

ఇంతకూ అతనికి ఈ సాహసం ఎక్కడిది? అతని ముందు ఒకడు నడిచాడు. మకోటో షింకాయ్ అనే యువకుడు తన ఇంటి కంప్యూటరు మీద దాదాపు ఒక్కడే గీసి, ఇరవైఅయిదు నిమిషాల బొమ్మల చిత్రం తయారుచేశాడు. అంతరిక్షానికి యుద్ధానికి పోయిన స్కూలు పిల్లకూ, భూమిమీద మిగిలిన ఆమె స్నేహితుడికీ మధ్య నడిచే సందేశాల కథ అది. ఆమె దూరం పోయేకొద్దీ సందేశం చేరడం ఆలస్యమై, చివరకు ఒక్క ఉత్తరానికి ఎనిమిదేళ్ళు దాటుతుంది. ఆ చిత్రం 2002 ఫిబ్రవరిలో టోక్యోలో ఒక చిన్న హాల్లో ఆడింది. ఆ హాలు పేరు వింటే తెలుగువారు ఉలిక్కిపడతారు: ‘టాలీవుడ్’! షింకాయ్ తరువాత పెద్ద దర్శకుడైనాడు. అతని ‘సుజుమే’ 2023లో మన దేశపు హాళ్ళకూ వచ్చింది. ఒక్కడు చేయగలిగాడు కదా, నేనెందుకు చేయలేనని హోరీ అనుకున్నాడు.

ఇక బువ్వ ప్రశ్నకు వద్దాం. దానికి జవాబు చెప్పగలవాడు జపానులో కాదు, నల్లగొండ నేలమీదే ఉన్నాడు. ఆలేరు దగ్గర శారాజీపేట. 2016లో జిల్లాలు విడిపోయిన తరువాత అది యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరింది. ఆ ఊరి చింతకింది మల్లేశం పేరు మీరు వినే ఉంటారు. పోచంపల్లి తరహా చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంగా పాతిన పుల్లల చుట్టూ దారాన్ని చేత్తో వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు నాలుగైదు గంటలు. తల్లి లక్ష్మి భుజం నొప్పితో బాధపడడం చూడలేక, బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన మల్లేశం 1992లో ఆసు పోసే యంత్రం చేయబూనాడు. చేతిలో పైకం లేదు. ఇంజనీరింగు చదువు లేదు. నవ్వినవాళ్ళకు మాత్రం కొదువ లేదు. బతుకుతెరువుకు హైదరాబాదు పోయి, పని చేసుకుంటూనే ముక్క ముక్కగా యంత్రం చేశాడు. చిక్కు వీడని ఆఖరి భాగానికి కీలకం బాలానగర్‌లో పనిచేస్తూ మరొక యంత్రం కదలికలో కనిపెట్టాడు. 1999లో యంత్రం పూర్తయింది. గంటన్నరలో ఒక చీరకు ఆసు. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో అతని కథే ‘మల్లేశం’ అనే సినిమా అయింది.

అక్కడా ఏడేళ్ళు, ఇక్కడా ఏడేళ్ళు. ఒకడు బొమ్మ చెయ్యి లక్షసార్లు జరిపాడు. మరొకడు అమ్మ చెయ్యి వేలసార్లు జరగకుండా చేశాడు. పనులు వేరు. రెండింటిలోనూ కనిపించే గుణం ఒక్కటే. ఇద్దరూ కొండను చూస్తూ కూర్చోలేదు, ఆనాటి రాయి ఆనాడు పగలగొట్టారు. హోరీ మొదటే పూర్తి చిత్రమని బయలుదేరలేదు. నాలుగేళ్ళలో ముప్పై నిమిషాల ముక్క ముగించాడు. అది 2014లో ఫ్రాన్సులోని క్లెర్మాన్-ఫెరాన్ లఘుచిత్రోత్సవంలో బొమ్మల చిత్రాల బహుమతి పొందింది. ఆ తరువాతే డబ్బు పెట్టేవారు దొరికారు, కొద్దిమంది సహాయకులు చేరారు, 2017కు పూర్తి చిత్రమయింది. 2021 మార్చిలో జపాను హాళ్ళకు వచ్చింది. 2025లో దాని తరువాతి చిత్రం ‘జంక్ వరల్డ్’ విడుదలయింది. బువ్వకు దోవ దొరికిందన్న మాటే. అయితే అది కలను చూసి దొరకలేదు, ముగించిన ముక్కను చూసి దొరికింది.

ఇదంతా విని పిల్లలందరినీ బొమ్మల మధ్య కూర్చోబెట్టమని నేను చెప్పబోవడం లేదు. మొదలుపెట్టి మధ్యలో వదిలినవాళ్ళ పేర్లు పత్రికల్లో రావు. వచ్చిన ఇద్దరు ముగ్గురిని చూసి లెక్క వేస్తే మోసపోతాం. హోరీకి చేతిలో వృత్తి ఉన్నది. మల్లేశం కూలి మానలేదు. ఇది మరచి కలను మాత్రమే మెచ్చుకోవడం, ఇంటి అద్దె కట్టనక్కర లేనివారి వేడుక.

కాని ఈనాడు మన ఇళ్ళలో సెల్‌ఫోను పట్టుకుని ఏవో బొమ్మలు కదిలిస్తూ కూర్చునే పిల్లవాడో పిల్లో ఉండనే ఉంటారు. వాళ్ళది పనా, పనికి ఎగనామమా అన్నది తల్లిదండ్రుల బెంగ. ఆ బెంగ న్యాయమైనదే. తేల్చుకునే దారి కూడా సులభమే. రోజూ కూర్చుంటున్నారా? చిన్నదైనా ఒక ముక్క ముగించి చూపారా? చదువో ఉద్యోగమో పక్కన సాగుతున్నదా? ఈ మూడింటికీ అవునని జవాబు వస్తే, ఆ బల్ల మీది సామాను సర్దకండి. ఆ పూట దీపం ఆర్పకండి. ఒంటి చేత్తో చప్పట్లు మోగవన్న మాట అబద్ధం కాదు. రెండో చెయ్యి ఇంటివారిది కావాలి. “నువ్వు ఎప్పుడు బాగుపడతావు?” అన్న ప్రశ్నకు ఏ పిల్లవాడూ జవాబు చెప్పలేడు. “ఇవాళ ఎంత అయింది?” అని అడగండి. దానికి చెప్పగలడు.