జ్వరం తగ్గినా.. తీరని నీరసం
కోలుకునే దశలోనే అసలు జాగ్రత్త అవసరం

మొయినాబాద్: వానాకాలం వచ్చిందంటే మొయినాబాద్, చేవెళ్ల పల్లెలను వైరల్ జ్వరాలు పలకరించడం పరిపాటి. ఒళ్లు చల్లబడిన మర్నాడే పూలతోటలకు, కూరగాయల మడులకు కూలికి వెళ్లక తప్పని కుటుంబాలు ఎన్నో. తీరా వెళ్లాక కాళ్లు పీకడం, ఆయాసం, కళ్లు తిరగడం. బలం కోసం సెలైన్ బాటిల్‌ను ఆశ్రయించేవారూ ఉన్నారు. ఈ నీరసం బద్ధకం కాదు, శరీరంలో మరమ్మతు ఇంకా పూర్తికాలేదనడానికి సంకేతం.

లోపల జరిగేదేమిటి?

వైరస్ ప్రవేశించాక దాన్ని ఎదుర్కొనే టి-కణాలు సుమారు వారం, పది రోజుల్లో అనేక రెట్లు పెరుగుతాయి. వాటికి ప్రధాన ఇంధనం గ్లూకోజు. మరోవైపు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే శరీరం ఖర్చుచేసే శక్తి దాదాపు పదో వంతు హెచ్చుతుంది. ఆకలి మందగించిన వేళ ఆ లోటును పూడ్చుకునేందుకు కండరాల్లోని మాంసకృత్తులు కరుగుతాయి. వైరస్ తొలగాక టి-కణాల్లో అత్యధికం నశించి, కొద్దిపాటివి జ్ఞాపక కణాలుగా మిగులుతాయి. యాంటీబాడీల తయారీ మాత్రం జ్వరం తగ్గాక కూడా కొనసాగుతుంది. కరిగిన కండ తిరిగి రావడానికి వారాలు పట్టవచ్చు.

సెలైన్‌తో బలం వస్తుందా?

సాధారణ సెలైన్‌లో ఉండేది ఉప్పునీరే, శక్తి శూన్యం. అర లీటరు 5 శాతం గ్లూకోజు బాటిల్‌లోనూ చక్కెర 25 గ్రాములే. నోటితో తినగలిగినవారికి ఆ ఖర్చుతో కొనే పప్పు, గుడ్లు, పాలే మేలు.

వీరికి ముప్పు అధికం

జ్వరం సమయంలో విడుదలయ్యే హార్మోన్ల వల్ల ఇన్సులిన్ ప్రభావం తగ్గి రక్తంలో చక్కెర పెరుగుతుంది. మధుమేహులు కోలుకునే రోజుల్లోనూ పరీక్ష చేయించుకోవాలి. డెంగీలో ప్రమాద ఘడియలు తరచూ జ్వరం దిగిన తర్వాతి ఒకటి, రెండు రోజుల్లోనే వస్తాయి. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తస్రావం, మగత కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. డెంగీ అనుమానం ఉన్నప్పుడు పారాసిటమాల్ తప్ప ఇతర నొప్పి మాత్రలు సొంతంగా వాడరాదు.

తర్వాతి వారం పట్టదా?

2006లో దేశవ్యాప్తంగా 13.9 లక్షల అనుమానిత చికున్‌గున్యా కేసులు నమోదయ్యాయి. జ్వరం పోయినా కీళ్లనొప్పులు నెలల తరబడి వేధిస్తాయని నాటి రోగులకు అనుభవమే. కొవిడ్ కాలంలో, 2021, 2022లలో రాష్ట్రంలో ఇంటింటి జ్వర సర్వే జరిపి మందుల కిట్లు అందజేశారు. జ్వరం వచ్చినవారిని గుర్తించడంతోనే సరిపెట్టక, తగ్గిన వారం తర్వాత ఆశ కార్యకర్తలు మరోసారి పలకరిస్తే ముప్పును ముందే పసిగట్టవచ్చు. కూలి పోతుందన్న భయంతో పొలం బాట పట్టే పేదలకు ఆ ఒక్క పలకరింపే కొండంత అండ.