చంపినోడి కథకే అంత నిడివా?

మూడు గంటల ఇరవై ఆరు నిమిషాలు. మార్టిన్ స్కోర్సీసీ 2023లో తీసిన ‘కిల్లర్స్ ఆఫ్ ద ఫ్లవర్ మూన్’ నిడివి ఇది. ఇంత పొడుగు అవసరమా? దోపిడీ ఎట్లా జరుగుతుందో చెప్పడానికి అవసరమే. పేచీ అంతా ఆ సమయాన్ని ఎవరికి పంచారన్న దాని మీదే.

అమెరికా ప్రభుత్వం ఓసేజ్ ఆదివాసులను ఒక్కో చోటి నుంచీ వెళ్లగొడుతూ వచ్చింది. చివరికి వాళ్లు ఓక్లహోమాలో రాళ్లనేల కొనుక్కున్నారు. దాని కింద చమురు పడింది. 1906 చట్టంతో భూమిని పంచుకున్నా, భూగర్భ సంపద మాత్రం జాతి మొత్తానిదేనని ఓసేజ్‌లు పట్టుబట్టి రాయించుకున్నారు. మొత్తం 2,229 వాటాలు. అమ్మడానికి వీల్లేదు, వారసత్వంగానే రావాలి. తెల్లవాళ్లు ఆ సందునే పట్టుకున్నారు. కొనలేనిదాన్ని పెండ్లితో, తర్వాత విషంతో, తుపాకీతో రాబట్టారు. 1920లలో అధికారిక లెక్కకు వచ్చిన హత్యలే ఇరవైకి పైగా.

సినిమా బలం ఇక్కడే ఉంది. హంతకుడెవరని ఊరించదు. మొదట్లోనే చూపిస్తుంది. ఓసేజ్ భాష మాట్లాడుతూ, శుభానికీ చావుకూ ముందుండే విలియం హేల్‌గా రాబర్ట్ డి నీరో వణుకు పుట్టిస్తాడు. తన డబ్బు తాను తీసుకోవడానికి తెల్ల సంరక్షకుడి ముందు కూర్చొని, తాను అసమర్థురాలినని మాలీ చెప్పుకునే దృశ్యం ఉంది. వంద ఉపన్యాసాలు చెప్పలేనిది లిలీ గ్లాడ్‌స్టోన్ ఆ చూపుతో చెప్పింది. పోలీసు అధికారిని దేవుణ్ని చెయ్యకపోవడం మరో మెచ్చుకోదగ్గ సంగతి.

మరి లోపం? డికాప్రియో వేసిన ఎర్నెస్ట్, మాలీ మొగుడు. మామ హేల్ చెప్పింది చేస్తాడు, బాధపడతాడు, మళ్లీ చేస్తాడు. ఈ ఊగిసలాట ఒకసారి చాలు. పదిసార్లు చూడాలి. మాలీ మంచాన పడ్డాక సినిమా కూడా నీరసపడుతుంది. అక్కచెల్లెళ్లను, తల్లిని పోగొట్టుకున్న మనిషి ఏమనుకుంటున్నదో మనకు తెలిసేది తక్కువ. మాలీ వైపు నుంచి కథ చెప్పి ఉండాల్సిందని సినిమాకు పనిచేసిన ఓసేజ్ భాషా సలహాదారే బాహాటంగా అన్నాడు. ఇంకొకటి. హత్యలు హేల్ ముఠాతో ఆగలేదని డేవిడ్ గ్రాన్ 2017 పుస్తకం చివరి భాగంలో నిరూపించాడు. సినిమా ఆ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. సంరక్షకులు, వైద్యులు, కోర్టులు కలిసి నడిపిన వ్యవస్థ ఒక దుర్మార్గుడి కుటుంబ కథగా కుదించుకుపోయింది.

అయినా చూడాలి. హేల్‌కు 1929లో యావజ్జీవ శిక్ష పడింది, 1947లో పెరోల్ మీద బయటికొచ్చాడు. ఓసేజ్ కానివాళ్ల చేతుల్లో కొన్ని వాటాలు ఇవాళ్టికీ ఉన్నాయి. చివర్లో దర్శకుడే తెర మీదికొచ్చి, మాలీ మరణవార్తలో హత్యల ఊసే లేదని చెబుతాడు. ఆ మౌనాన్ని ఈ సినిమా బద్దలు కొట్టింది. మిగిలిన సగం కథ ఓసేజ్‌లే చెప్పాలి. కెమెరా వాళ్ల చేతికి రావాలి.