గృహలక్ష్మి దుడ్డు మీద మా మాట



"నెలకి 2,000 ఊరికే వస్తే ఆకు కోతకు ఎవరొస్తారు?" అని మనలోనే కొందరు అంటా ఉంటారు. మేము ఒప్పుకోము.

2023 ఆగస్టు 30న మొదలైన గృహలక్ష్మి దుడ్డు నేరుగా ఇంటి యజమానురాలి ఖాతాలో పడుతుంది. మగవాళ్ళ చేతికి రాదు, అదే దాని గుణం. మనకి దుడ్డు కనపడేది గూళ్ళు అమ్మిన రోజే. చాకీ పురుగు తెచ్చినప్పటి నుంచి అందాకా సున్నం, పేపరు, కూలి, అంగడి సామాను అన్నీ అప్పే. సున్నకట్టు తగిలిందా, పంటా పోయె, అప్పూ మిగిలె. 2,000తో షెడ్డు లేవదు, నిజమే. పాలకి, మాత్రలకి, పిల్లల నోటుబుక్కులకి వడ్డీకిచ్చేవాళ్ళ గడప తొక్కే పని మాత్రం తప్పుతుంది.

అయితే అది నెలనెలా రావాల. మూడు నెలలది ఒకేసారి పడితే పాత బాకీకే పోతుంది. కూలీలు దొరకలేదంటే కూలి రేటు మాట్లాడుదాము, ఆడవాళ్ళ ఖాతా మీద ఏడుపెందుకు?

ఖాతాకి ఆధార్ జోడించనివాళ్ళు రెండు పంటల నడుమ ఖాళీలోనే చేయించుకోండి. పురుగు నాలుగో జ్వరం లేసినాక బ్యాంకుకి పోయేదానికి తీరదు.