విడి సిగరెట్టు

సిగరెట్టు పెట్టె మీది హెచ్చరిక ఎవరి కొరకు? కొనువాని కొరకా, అమ్మువాని కొరకా? ఈ ప్రశ్న నేడు మన గ్రామములలో అడుగవలసి వచ్చినది.

2016 ఏప్రిలు 1వ తేదీ నుండి పెట్టె ముఖములలో నూటికి 85 పాళ్లు రోగముల బొమ్మతోను, హెచ్చరికతోను నిండియుండవలెనని విధి. 2018 సెప్టెంబరు నుండి, మానదలచినవారు ఖర్చు లేకయే పిలువదగిన టెలిఫోను నంబరు 1800-11-2356 కూడ అచ్చటనే ముద్రింపబడుచున్నది. భయమును, అభయమును రెండును ఆ అట్ట మీదనే కలవు. చదువురానివారికిని బొమ్మ బోధపడును. నియమము మంచిదే.

కాని ఇటిక్యాలలో ఒక బడ్డీకొట్టు ముందరనో, ఎఱ్ఱవల్లి చౌరస్తాలోనో కొంతసేపు నిలిచి చూడుడు. విత్తనపు పత్తి చేలనుండి వచ్చిన కూలీయు, లారీ నిలిపిన డ్రైవరును, మీసము మొలవని కుఱ్ఱవాడును పెట్టెను కొనరు. ఒక్క సిగరెట్టు కొందురు. బొమ్మయు, నంబరును దుకాణములోనే మిగిలిపోవును. ప్రతివాదికి నోటీసు అందనిదే ఏకపక్షపు తీర్పు చెల్లదనుట కచ్చేరీలలో అందఱెఱిగిన న్యాయము. ప్రాణము తీయు వస్తువును గూర్చిన నోటీసు అమ్మువానికి అంది, కాల్చువానికి అందకపోవుట యేమి న్యాయము?

18 ఏండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదనియు, విద్యాలయములకు 100 గజములలోపల అమ్మరాదనియు 2003 నాటి శాసనము చెప్పుచున్నది. ఈ కట్టకు గండి విడి అమ్మకమే. పెట్టె వెల కుఱ్ఱవానికి కొంత అడ్డు. ఒక్క సిగరెట్టు వెల అడ్డు కానేకాదు.

పేదవాడు పెట్టె నెట్లు కొనగలడని కొందఱు జాలిపడుదురు. చిల్లరగా కొన్నవానికి రోగము చిల్లరగా రాదు. మన దేశమున పొగాకు ఏటా 13 లక్షలకు పైగా ప్రాణములను బలిగొనుచున్నది. 2016-17 నాటి జాతీయ సర్వేలో తెలంగాణమున వయోజనులలో నూటికి 17.8 మంది, అనగా ఆరుగురిలో ఒకరికి పైగా, పొగాకు వాడువారని తేలినది.

మహారాష్ట్ర ప్రభుత్వము 2020లో విడి సిగరెట్ల, బీడీల అమ్మకమును నిషేధించినది. మన ప్రభుత్వమును ఆ త్రోవ త్రొక్కవలెను. శాసనము చేసి ఊరకుండక దానిని నడపవలెను.

అంతవఱకు మన చేతిలోని పని మనము చేయుదము. బహిరంగ స్థలమున పొగత్రాగినవానికి 200 రూపాయల వరకు జరిమానా కలదు. కాని జరిమానా చెల్లించినవాడు మఱునాడు మరల కాల్చును. అలవాటు పడిన శరీరము మొదటి వారమున మిక్కిలి బాధించును. నిద్ర పట్టదు, చిరాకు కలుగును. కొన్ని వారములలో ఆ బాధ తగ్గిపోవును. ఆ కొలది దినములు ప్రక్కన నిలుచువాడు కావలెను.

కనుక పఠనాలయముల వారికి మా విన్నపము. ఆ నంబరును పెద్ద అక్షరములతో వ్రాసి పఠనాలయపు గోడమీదను, బస్సులు నిలుచు చోటను, అంగీకరించిన హోటళ్లలోను కట్టుడు. మానదలచిన వానిని ఎగతాళి చేయక, దినమున కొకమారు పలుకరించుటకు ఒక యువకుని నియమింపుడు. దుకాణదారుని శత్రువుగా జూడక, పిల్లలకు అమ్మనని ఆయనచేత మాట తీసికొనుడు. పెట్టెతో దుకాణమున నిలిచిపోయిన నోటీసును ఇంటింటికి అందించుట మన వంతు.