బ్లాక్ ఫంగస్ చికిత్సలో స్కానింగు ఆవశ్యకత

2021వ సంవత్సరమున కోవిడ్ రెండవ విజృంభణతోపాటు మన దేశమునకు మరియొక ఆపద దాపురించినది. ప్రజలు బ్లాక్ ఫంగస్ అని పిలిచిన ఆ వ్యాధికి వైద్యశాస్త్రమున పేరు మ్యూకర్‌మైకోసిస్. ఆ జూలై మాసము నాటికే 45,000కు పైగా రోగులు నమోదైరి. 4,300 మందికి పైగా మరణించిరి. బ్రతికి బయటపడినవారిలో కొందరు కన్ను కోల్పోయిరి. ఈ వ్యాధి కోవిడ్‌తో పుట్టినది కాదు, దానితో పోయినదియు కాదు. మధుమేహము అదుపు తప్పినవారికి, శరీరమున రోగనిరోధక శక్తి క్షీణించినవారికి దీని భయము నేటికిని కలదు.

ఈ శిలీంధ్రము మట్టిలోను, కుళ్లిన ఆకులలోను ఉండును. దాని బీజములు శ్వాసతో ముక్కులో చేరును. అది రక్తనాళములలోనికి చొచ్చుకొనిపోయి వానిని మూసివేయును. రక్తము అందని కణజాలము చచ్చిపోవును. సైనసులనుండి కంటి గూటికి, అచ్చటినుండి మెదడునకు వ్యాధి ప్రాకుటకు కొలది దినములే చాలును. మందు రక్తము ద్వారా పోవలసినదే గదా! రక్తము పారని చోటికి మందు చేరదు. కావున చచ్చిన భాగమును శస్త్రచికిత్సచే తొలగింపవలెను. ఎంతవరకు తొలగింపవలెనను ప్రశ్నకు పైకి కనిపించు ముఖము సమాధానము చెప్పజాలదు.

సి.టి. స్కాను ఎముక ఎంత తినివేయబడినదో చూపును. ఎం.ఆర్.ఐ. కంటి గూటిని, నరములను, మెదడును స్పష్టముగా చూపును. సిరలోనికి కాంట్రాస్టు మందు ఎక్కించి ఎం.ఆర్.ఐ. తీసినచో, రక్తము పారు ముక్కు పొర తెల్లగా మెరయును. చచ్చిన భాగము నల్లగా నిలిచిపోవును. శస్త్రవైద్యునకు ఆ నలుపు గొప్ప మార్గదర్శి.

ఇంత ఖరీదైన పరీక్ష పేదలకేల యని కొందరందురు. ఈ వాదము సరికాదు. వ్యాధి హద్దు తెలియక కోసినచో, నిలుపగల కన్నును తీసివేయుటయో, తీయవలసిన భాగమును విడిచిపెట్టుటయో సంభవింపవచ్చును. ఆ నష్టముతో పోల్చినచో స్కాను వ్యయము స్వల్పము. కావున అనుమానము కలిగిన నాడే పేద రోగికి సైతము ఈ పరీక్ష లభించునట్లు ఏర్పాటుండుట అవసరము. శస్త్రచికిత్స పిదప వ్యాధి మరల ప్రాకుచున్నదేమో చూచుటకును స్కాను కావలెను.

ఐనను స్కానే సర్వస్వమని తలంపరాదు. తొలి దినములలో అది సామాన్యమైన సైనసు వాపువలెనే కనిపింపవచ్చును. వ్యాధిని నిర్ధారించునది ముక్కునుండి తీసిన కణజాలమును సూక్ష్మదర్శినితో పరీక్షించుటయే. బలమైన అనుమానమున్నచో స్కాను కొరకు వేచి మందు ఆలస్యము చేయరాదు. ఆంఫోటెరిసిన్-బి మందు మూత్రపిండములకు హాని చేయగలదు. కాంట్రాస్టు విషయమునను జాగ్రత్త అవసరము. కావున వైద్యుని సలహా లేక ఎవరికి వారు స్కాను తీయించుకొనుట తగదు.

మధుమేహము గల సోదర సోదరీమణులారా! ముఖమున ఒక ప్రక్క నొప్పి, వాపు లేక తిమ్మిరి, ముక్కునుండి నల్లని స్రావము, చూపు మసకబారుట, ఒకటి రెండుగా కనిపించుట, పళ్లు కదలుట — వీనిలో ఏది కనిపించినను మరునాటివరకు ఆగక చెవి, ముక్కు, గొంతు వైద్యునకు చూపించుకొనుడు. సకాలమున వచ్చిన రోగికే ఈ యంత్రములు పూర్తిగా ఉపకరించును.